షేర్ గుర్తు నొక్కే ముందు

మన సొసైటీకి వచ్చే సహాయ విజ్ఞప్తుల్లో చాలావరకు ఇప్పుడు వాట్సాప్ ద్వారానే దాతలకు చేరుతున్నాయి. దామరచర్లలో ఒకరికి ఆపరేషన్ అవసరమైతే ఆ కబురు గంటలో మిర్యాలగూడ, కోదాడ దాటి గల్ఫ్‌లో ఉన్న మన పిల్లల దాకా వెళ్తుంది. ఈ వేగం వెనుక ఉన్న ఏర్పాటును దాతలు తెలుసుకోవడం మంచిది.

షేర్ గుర్తు నొక్కగానే పేర్ల వరుస ఒకటి తెరుచుకుంటుంది. మనం తరచుగా మాట్లాడేవారు, ఈమధ్య మాట్లాడిన గ్రూపులు అందులో ముందుంటాయి. యాప్ గుర్తును కాసేపు నొక్కి పట్టుకుంటే వచ్చే చిన్న జాబితా కూడా ఇలాంటిదే. ఐఫోన్‌లో 2015లో, ఆండ్రాయిడ్‌లో 2016లో ఇది వచ్చింది. అందులో సాధారణంగా నాలుగైదు పనులకే చోటు ఉంటుంది. పైన కనిపించినదాన్నే మన వేలు నొక్కుతుంది. కాబట్టి ఏది పైన ఉండాలో నిర్ణయించేవారే సగం మన నిర్ణయం కూడా చేస్తున్నారన్నమాట.

ఈ సులువు ప్రాణాల మీదికి కూడా తెచ్చింది. 2018లో పిల్లలను ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు మన రాష్ట్రంతో సహా దేశమంతా పాకాయి. అమాయకులు మూక దాడుల్లో చనిపోయారు. అప్పుడు జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి ప్రజలకు నచ్చజెప్పించారు. అదే ఏడాది జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపే వీల్లేకుండా చేస్తామని, ఫోటోలు, వీడియోల పక్కనుండే ఫార్వర్డ్ బాణాన్ని తీసేస్తామని ప్రకటించింది. 2020 ఏప్రిల్‌లో, అనేకసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా కట్టడి చేసింది. అలాంటి సందేశాలు 70 శాతం తగ్గాయని తర్వాత తెలిపింది. ఎవరినీ నిషేధించలేదు, ఒక అడుగు ఆలస్యం చేశారు, అంతే.

ఆ ఒక్క అడుగు మన దానధర్మాలకూ అవసరమే. తేదీ లేని విజ్ఞప్తి, అవసరం తీరిపోయాక కూడా తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో ఎవరైనా క్యూఆర్ కోడ్ మార్చినా చూసేవారికి తెలియదు. అందుకే కొన్ని జాగ్రత్తలు:

విజ్ఞప్తి పంపేవారు తేదీ, కావలసిన మొత్తం, సొసైటీ ఫోన్ నంబరు బొమ్మ మీదే రాయాలి. విడిగా రాసిన వాక్యం దారిలో తప్పిపోవచ్చు. రోగి ముఖం, ఆసుపత్రి కాగితాలు పెట్టకూడదు. "అందరికీ తొలగించు" నొక్కితే ఆ గ్రూపులోనే పోతుంది, ఇతరులు ముందుకు పంపిన ప్రతులు అలాగే ఉంటాయి. పేదవాడి పరువు ఒకసారి బయటికి వెళ్తే తిరిగి రాదు.

డబ్బు పంపే దాతలు, కోడ్ స్కాన్ చేశాక తెరమీద వచ్చే పేరు చదవాలి. అనుమానం ఉంటే తమకు ముందే తెలిసిన నంబరుకు ఫోన్ చేయాలి. పిన్ మనం డబ్బు ఇవ్వడానికే గాని, తీసుకోవడానికి అక్కర్లేదు.

అవసరం తీరాక "పూర్తయింది, జజాకల్లాహ్" అన్న కబురు కూడా అవే గ్రూపులకు పంపాలి. అప్పుడే తర్వాతి జకాత్ సొమ్ము నిజంగా ఎదురుచూస్తున్న మరో ఇంటికి చేరుతుంది.