స్పోర్ట్స్ కార్ల తారతమ్యం – మార్పిడి సమస్య

రెండు వస్తువులలో ఏది మేలైనదని తేల్చడం ఒక పని. చేతిలో ఉన్న వస్తువును ఇచ్చివేసి, ఆ మేలైన దానిని తెచ్చుకొనవలెనా అని తేల్చడం మరొక పని. మొదటిదానికి కొలతలు, లెక్కలు చాలును. రెండవదానికి చాలవు. ఈ భేదాన్ని వివరించడానికి స్పోర్ట్స్ కారును మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. ఏలనగా అంకెలతో ఇంత నిక్కచ్చిగా కొలువబడే వస్తువు, అదే సమయంలో అంకెలకు అందని మమకారంతో ఇంతగా ముడిపడిన వస్తువు అరుదు. మన కళాశాల ఆవరణలో స్కూటర్లే అధికం గనుక ఈ వ్యాసం ఎవరికి పనికివచ్చునని కమిటీ పెద్దలు అడుగవచ్చును. స్కూటరు మార్చుకొనదలచిన వారికి కూడ లెక్క ఇదేనని మనవి.

మనం 1998వ సంవత్సరానికి, జర్మనీ దేశానికి పోదాము. ఒక యజమాని వద్ద పోర్షా సంస్థవారి 911 కారు ఉన్నదనుకొందాము. అది 1994లో కొన్నది. దాని అంతర్గత సంఖ్య 993. ఇప్పుడు అదే 911 పేరుతో సరికొత్త నమూనా దుకాణానికి వచ్చినది. దాని సంఖ్య 996. పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకొనవలెనా? ఈ యజమాని నా కల్పన. కాని ఆనాడు ఐరోపాలోను, అమెరికాలోను ఎందరో ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం నిజమైనదే.

911 చరిత్ర క్లుప్తంగా తెలిసికొనవలెను. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో ఈ కారు 901 అనే పేరుతో వెలుగు చూచినది. మధ్య అంకె సున్నాగా గల మూడంకెల పేర్లపై ఫ్రాన్సులో తమకు హక్కు ఉన్నదని ప్యూజో సంస్థ అభ్యంతరం చెప్పగా, 901 కాస్త 911 అయినది. ఆరు సిలిండర్ల ఇంజను, సుమారు రెండు లీటర్ల సామర్థ్యం, 130 అశ్వశక్తి. ఇంజను ముందుభాగాన లేదు, నడుమ లేదు. వెనుక ఇరుసుకు కూడ వెనుక ఉన్నది. ఆ ఇంజనును చల్లబరచేది నీరు కాదు, గాలి. ఈ రెండు లక్షణాలే ముప్పై అయిదేండ్లపాటు ఆ కారుకు గుర్తులైనవి.

1993లో వచ్చిన 993 నమూనాలో ఇంజను 3600 ఘనపు సెంటీమీటర్లు, శక్తి 272 అశ్వశక్తులు, బరువు సుమారు 1370 కిలోలు. నిలిచిన చోటు నుండి గంటకు 100 కిలోమీటర్ల వేగానికి చేరడానికి 5.6 సెకండ్లు. 996లో ఇంజను చిన్నదైనది, 3387 ఘనపు సెంటీమీటర్లు. కాని శక్తి 300కు పెరిగినది. బరువు 1320 కిలోలకు తగ్గినది. అదే వేగానికి 5.2 సెకండ్లు. పరమవేగం 270 నుండి 280 కిలోమీటర్లకు పెరిగినది.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించవలెను. అశ్వశక్తిని మాత్రమే చూచి కారును అంచనా వేయరాదు. ఆ శక్తి ఎంత బరువును మోయుచున్నదో చూడవలెను. పాతదానిలో టన్నుకు సుమారు 199 అశ్వశక్తులు, కొత్తదానిలో 227. అనగా శక్తి పెరిగినది పది శాతమే అయినను, బరువు కూడ తగ్గుటచేత నిష్పత్తి పదునాలుగు శాతం పెరిగినది. మరి సెకండులో పదింట నాలుగు వంతుల తేడా ఎంతటిది? గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకండుకు దాదాపు 28 మీటర్లు పోవును; కావున ఆ తేడా సుమారు 11 మీటర్లు, రెండు మూడు కార్లంత పొడవు. పందెంలో అది గెలుపు ఓటములను నిర్ణయించును. ఆదివారం ఉదయం కొండదారిలో విహరించే పెద్దమనిషికి అది కనబడను కూడ కనబడదు.

అంకెలను బట్టి కొత్తదే మేలు. ఇంతవరకు వివాదం లేదు. అయితే పోర్షావారు ముప్పై అయిదేండ్ల సంప్రదాయాన్ని కాదని గాలిని విడిచి నీటిని ఎందుకు ఆశ్రయించినారు?

బుల్లెట్ మోటారు సైకిలు ఇంజనును చూచినవారికి దాని చుట్టూ పేర్చినట్లుండే లోహపు రెక్కలు తెలిసే ఉండును. వేడిని ఆ రెక్కలు గాలిలోనికి వదలును. 911లో ఆ రెక్కలపైకి ఒక పెద్ద పంకా గాలిని విసరును; ఇంజనులో ప్రవహించే ఆయిలు కూడ వేడిలో చాలా భాగాన్ని మోసికొనిపోవును. రేడియేటరు లేదు, నీటి గొట్టాలు లేవు, గడ్డకట్టే చలిలో నీరు పగులునన్న భయం లేదు. కాని దీనికొక హద్దు ఉన్నది. ఎక్కువ శక్తి కావలెనంటే సిలిండరుకు రెండు వాల్వులకు బదులు నాలుగు అమర్చవలెను. నాలుగు అమర్చినప్పుడు వాటి నడుమ మిగిలే ఇరుకు లోహం విపరీతంగా కాగును; అక్కడికి గాలి చొరదు, నీరు చొచ్చుకొనిపోవును. 1986 నాటి పోర్షా 959లో ఇందుకొక మధ్యేమార్గం తొక్కినారు: సిలిండర్లకు గాలి, వాటి తలలకు నీరు. అది బహు ఖరీదైన కారు గనుక చెల్లినది. దానికితోడు పొగను గురించి, రొదను గురించి ప్రభుత్వాల నియమాలు ఏటేటా బిగిసినవి. నీటితో నిండిన గోడలు ఇంజను ధ్వనిని కొంత మింగివేయును. గాలి ఇంజనుకు ఆ గోడలే లేవు.

ఈ ధ్వని సంగతి చిన్నది కాదు. పాత 911 ప్రియులు మొట్టమొదట చెప్పుకొనేది పంకా ఊళ, లోహపు గలగల కలిసిన ఆ స్వరాన్ని గురించే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం జరిగినప్పుడు పోర్షా జట్టువారి కార్లు కూడ పరుగెత్తినవి. అక్కడ వినవచ్చినది ఈల వంటి సన్నని కూత మాత్రమే. వేగానికి లోటు లేదు. అయినను మోటారు పందెమంటే గర్జనే అనుకొనే చెవికి అది వెలితియే. చెవికి కలిగే సుఖానికి ప్రమాణమేమి, కొలమానమేమి? ఏ పట్టికలోను దానికి గడి ఉండదు.

కారు నడక సంగతి మరొకటి. ఇంజను వెనుక ఇరుసును దాటి ఉండుటచేత బరువులో అరవై శాతానికి పైగా వెనుక చక్రాలపైనే పడును. బయలుదేరేటప్పుడు ఇది వరమే. చక్రాలు నేలను గట్టిగా పట్టుకొనును. కాని మలుపు మధ్యలో భయపడి కాలు హఠాత్తుగా తీసివేసితిమా, బరువు ముందుకు ఒరిగి వెనుక చక్రాల పట్టు సడలి, కారు తోక లోలకం వలె బయటికి ఊగును. మొదటి దశకంలోనే ఈ దోషాన్ని తగ్గించడానికి ముందు, వెనుక చక్రాల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచినారు. 993లో వెనుక చక్రాలను పట్టుకొనే అమరికనే మార్చివేసినారు. 996లో ఆ దూరం ఇంకొక 78 మిల్లీమీటర్లు పెరిగినది. కారు శాంతించినది, కొందరి దృష్టిలో పెద్దదై, మెత్తబడినది. దీపాల ఆకారమైతే మరీ వివాదాస్పదమైనది. ఖర్చు తగ్గించుకొనడానికి చౌక నమూనా అయిన బాక్‌స్టర్‌తో ముందుభాగాన్ని పంచుకొన్నందున రెండింటికీ ఒకే దీపాలు వచ్చినవి. గిట్టనివారు వాటిని వేయించిన గుడ్లని పిలిచినారు. 1990ల ఆరంభంలో సంస్థ దివాలా అంచుకు చేరిన విషయాన్ని ఆ ఎగతాళి చేసినవారు మరచినారని నా అభిప్రాయం. ఆ పొదుపే లేకున్న పోర్షా సంస్థ మిగిలేదా అన్నది అనుమానమే.

యజమాని ముందు మరొక దారి కూడ ఉన్నది: ఇటలీవారి ఫెరారీ ఎఫ్355. 1994లో వచ్చిన ఈ కారులో ఎనిమిది సిలిండర్లు, సిలిండరుకు అయిదు వాల్వులు, 380 అశ్వశక్తులు. ఇంజను నడుమ ఉండుటచేత బరువు చక్కగా పంచబడినది. లీటరుకు 109 అశ్వశక్తులు. మన 993లో లీటరుకు 76 మాత్రమే. చూపునకు, వినికిడికి దానికి సాటి చెప్పడం కష్టం. కాని దాని టైమింగ్ బెల్టును కొన్నేండ్లకొకసారి మార్చవలెను, అందుకు ఇంజనునే కారు నుండి దింపవలెను. అనగా కొనుగోలు ధర ప్రవేశ రుసుము వంటిదే. అసలు చదువు ఖర్చు తరువాత వచ్చును. జపానువారి హోండా ఎన్.ఎస్.ఎక్స్. 1990లోనే నడుమ ఇంజనుతో, అల్యూమినియం దేహంతో వచ్చి, ఇంతటి కారు కూడ రోజువారీ కారు వలె నమ్మకంగా ఉండగలదని చూపినది. ఫెరారీ ప్రియులకు ఆ మాట రుచించదు, అది వేరే కథ.

ఇప్పుడు మార్పిడి లెక్కకు వద్దాము. పాత బంగారం ఇచ్చి కొత్త నగ తీసికొనేటప్పుడు కంసాలి తరుగు తీయడం మనకందరికీ తెలిసినదే. కారు డీలరు కూడ తరుగు తీయును. మన కారును అతడు మరల శుభ్రపరచి, మరమ్మతు చేయించి, కొనేవాడు దొరికేదాకా ఉంచుకొని, లాభం వేసికొని అమ్మవలెను గదా! ఊహకోసం కొత్త కారు ధర 100 అనుకొందాము. పాతదానిని మనమే అమ్మితే 60, డీలరుకిస్తే 52. అతనికి 48 కట్టి కొత్తది తెచ్చుకొన్నాము. కొత్త కారు విలువ మొదటి ఏండ్లలోనే వేగంగా పడిపోవును; మూడేండ్లకు అది 60 అయినదనుకొందాము. మార్చుకొనకుండ ఉన్నట్లయితే పాతది 60 నుండి 45కు దిగేది, అనగా నష్టం 15. మార్చుకొన్నవానికి కొత్త కారు విలువలో 40, డీలరు తరుగులో 8, మొత్తం నష్టం 48. తేడా 33. ఆ 11 మీటర్ల ముందంజకు చెల్లించిన మూల్యం ఇది; బీమా, వడ్డీ ఇందులో చేరలేదు.

అయితే డీలరు ఎల్లప్పుడు నష్టమే అనరాదు. అమెరికాలో అనేక రాష్ట్రాలలో అమ్మకపు పన్నును కొత్త కారు పూర్తి ధరపై గాక, పాతదాని విలువ తీసివేయగా మిగిలిన మొత్తంపైననే వేయుదురు. పన్ను ఎనిమిది శాతమైతే డీలరు ఇచ్చిన 52 నిజానికి 56తో సమానం. కాలిఫోర్నియా వంటి చోట్ల ఈ సదుపాయం లేదు. అపరిచితులను ఇంటికి పిలిచి తాళాలు చేతికిచ్చే శ్రమ కూడ తప్పును.

ఇంత లెక్కించి మార్చుకొన్న ఆ యజమానికి ముందుముందు ఏమి జరిగినదో చూడండి. 1998 మార్చిలో గాలితో చల్లబడే చివరి 911 కర్మాగారం నుండి వెలువడినది. ఆ తరువాత కొన్నేండ్లకు 996 సామాన్య నమూనాల ఇంజనులలో ఒక లోపం బయటపడినది. ఇంజను లోపల ఒక మధ్యస్థ షాఫ్టు ఉండును. దానిని మోసే బేరింగు కొన్ని కార్లలో అరిగి విరిగి, దానితో ఇంజను మొత్తం పాడైనది. అన్నింటిలో కాదు, అధిక భాగంలోనూ కాదు. కాని జరిగిన చోట నష్టం సంపూర్ణం. అదే 996 శ్రేణిలోని టర్బో, జి.టి.3 నమూనాలకు వేరే జాతి ఇంజను ఉండుటచేత వాటికి ఈ బెడద లేదు. ఈ భయంవల్ల, ఆ దీపాలవల్ల, ఎక్కువ సంఖ్యలో తయారైనందువల్ల 996 చాలాకాలం 911లలోకెల్ల చవకైనదిగా మిగిలినది. 993 ధర మాత్రం 2010 తరువాతి ఏండ్లలో ఎగబ్రాకినది. 2018లో పోర్షావారే తమ వద్ద మిగిలిన ఒక పాత దేహాన్ని తీసికొని మరొక 993 టర్బోను నిర్మించి వేలం వేయగా, అది ముప్పై లక్షల డాలర్లు దాటినది. రోడ్డుపై నడపడానికి అనుమతి లేని కారు అది!

దీనినిబట్టి ఉంచుకొన్నవాడు దూరదృష్టి గలవాడని కొందరందురు. నేను ఒప్పుకొనను. 1998లో ఈ ధరలను ఎవరూ చూచి ఉండలేదు. నాడు ఉంచుకొన్నవారిలో అధికులు ఆ స్వరంకోసం, ఆ స్టీరింగు చేతికి చెప్పే మాటలకోసం ఉంచుకొన్నారు. ధర పెరుగునని కారును గోనె కప్పి పెట్టేవాడు దానిని అనుభవించడం లేదు, దాచుచున్నాడు. అలాగే నిత్యం కార్యాలయానికి దూరప్రయాణం చేసేవాడు, చలిదేశంలో వెచ్చని గది కోరేవాడు 996కు మారడం తప్పుకాదు. అది నిజంగా మెరుగైన వాహనమే.

2024 మేలో పోర్షావారు 911లో తొలిసారి విద్యుత్ సహాయం గల ఇంజనును ప్రవేశపెట్టినారు: 541 అశ్వశక్తులు, మూడు సెకండ్లలో 100 కిలోమీటర్ల వేగం, కాని బరువు దాదాపు 1600 కిలోలు. ఈనాటి 911 యజమానులు మరల అదే పట్టిక ముందు వేసికొని కూర్చున్నారు. చవకగా 996 కొన్నవారిని మాత్రం నేను తొందరపెట్టను. అమ్మితే వచ్చేది తక్కువ, ఉంచుకొంటే తరిగేది తక్కువ. ఆ బేరింగును మార్చడానికి గేరుపెట్టెను దింపవలెను. క్లచ్చి మార్చడానికి కూడ దానినే దింపవలెను. రెండు పనులు ఒకేసారి చేయించుకొన్నచో ఒక కూలి మిగులును.