ఆరంభశూరత్వానికి ఆవల

శంకుస్థాపనలకు రాజధానిలో ఎప్పుడూ కొదవ లేదు. కొరవడేది ముగింపే. మొదలుపెట్టిన పనిని కడదాకా తీసుకెళ్లడమంటే ఏమిటో మెహ్రౌలీ మినార్ల నుంచి మెట్రో దాకా ఢిల్లీ నగరమే చెబుతుంది.

దక్షిణ ఢిల్లీలోని మెహ్రౌలీకి వెళ్లే సందర్శకుల చూపంతా కుతుబ్ మినార్ పైనే. 72.5 మీటర్ల ఆ కట్టడాన్ని తలెత్తి చూసి, ఫొటోలు దిగి వెనుదిరుగుతారు. అదే ఆవరణలో మరో వైపు రాళ్ల గుట్టలా కనిపించే మొండి నిర్మాణం దగ్గర ఆగేవారు తక్కువ. దాని పేరు అలాయ్ మినార్. వరుస విజయాల ఊపులో ఉన్న అల్లావుద్దీన్ ఖిల్జీ దాన్ని కుతుబ్ మినార్‌కు రెట్టింపు ఎత్తున కట్టించాలనుకున్నాడు. మొదటి అంతస్తు లేచింది. 1316లో సుల్తాను కన్నుమూశాడు. తర్వాత వచ్చినవారెవరూ దాని జోలికి పోలేదు. ఏడు వందల ఏళ్లుగా అది 24.5 మీటర్ల దగ్గరే ఆగిపోయి ఉంది.

కట్టించేవాడు చనిపోయాడు కాబట్టి కట్టడం ఆగిపోయిందని సరిపెట్టుకోవచ్చు. కానీ పక్కనున్న కుతుబ్ మినార్ కూడా ఒక్కరి హయాంలో పూర్తయినది కాదు. కుతుబుద్దీన్ ఐబక్ కాలంలో లేచింది మొదటి అంతస్తే. ఆయన అల్లుడు ఇల్తుత్‌మిష్ మరో మూడు అంతస్తులు కట్టించాడు. పద్నాలుగో శతాబ్దంలో పిడుగు పడి పైభాగం దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించి ఐదు అంతస్తులకు పెంచాడు. రెండు మినార్లకూ తేడా ప్రారంభించినవాడి ఆయుష్షులో లేదు. ఆ తర్వాత పనిని తనదిగా భావించినవాడు ఉన్నాడా లేడా అన్నదే తేడా.

తెలుగువారికి ఈ సంగతి కొత్త కాదు. ‘ఆరంభశూరులు’ అన్న బిరుదును ఆంధ్రులు తమకు తామే తగిలించుకుని నవ్వుకుంటారు. కానీ తెలుగులో ఆదికావ్యంగా చెప్పుకునే మహాభారతమే మూడు శతాబ్దాలు, ముగ్గురు కవుల చేతుల మీదుగా పూర్తయింది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టాడు. అరణ్యపర్వం మధ్యలో ఆయన రచన ఆగింది. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం దగ్గర అందుకుని పదిహేను పర్వాలు రాసి ముగించాడు. నడుమ మిగిలిపోయిన ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించాడు. ఆ భాగాన్ని తన ప్రభువుకు కాక, నన్నయ రాసినట్టుగానే రాజరాజనరేంద్రుడికి అంకితమిచ్చాడు. నన్నయ ధోరణిలో ఎత్తుకుని తిక్కన ధోరణిలోకి ఒదిగేలా నడిపించాడని పండితులు మెచ్చుకుంటారు. మొదలుపెట్టినవాడికి వచ్చినంత పేరు పూర్తిచేసినవాడికి రాకపోవచ్చు. కానీ ఎర్రన లేకపోతే తెలుగు భారతానికి నడుమ తెగిపోయిన వంతెన గతే పట్టేది.

మెహ్రౌలీ నుంచి యమున దాటి నోయిడా, గ్రేటర్ నోయిడాల వైపు వెళ్తే అలాయ్ మినార్‌కు ఆధునిక వారసులు కనిపిస్తారు. తలుపులు, కిటికీలు లేని అపార్ట్‌మెంట్లు, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు, ఏళ్ల తరబడి ఊపిరాడని లిఫ్టు గుంతలు. అల్లావుద్దీన్ మినార్ ఆగిపోతే నష్టపోయింది ఆయన కీర్తి ఒక్కటే. ఇక్కడ ఇల్లు ఆగిపోతే నష్టపోయేది మధ్యతరగతి కుటుంబం. బ్యాంకుకు నెలవారీ వాయిదా ఒక వైపు, ఉంటున్న ఇంటికి అద్దె మరో వైపు. పిల్లలు చిన్నప్పుడు బుక్ చేసిన ఫ్లాటు వాళ్లు కాలేజీకి వచ్చినా చేతికి రాని ఇళ్లు ఎన్నో. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల ప్రతిష్టంభనపై కేంద్రం వేసిన అమితాబ్ కాంత్ కమిటీ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఇలా చిక్కుబడిన ఇళ్లు 4.12 లక్షలు. వాటిలో సగానికి పైగా రాజధాని ప్రాంతంలోనివే.

పనులు ఎందుకు ఆగిపోతాయి? బద్ధకం వల్ల అని సులువుగా చెప్పేస్తారు. నోయిడా అనుభవం అందుకు భిన్నమైన జవాబు చెబుతుంది. ఆమ్రపాలి సంస్థ కేసులో 2019 జూలై 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు నిదర్శనం. 42,000 మందికి పైగా కొనుగోలుదారుల భవితవ్యం ముడిపడిన ఆ కేసులో, ఇళ్ల కోసం కట్టిన డబ్బును ఇతర కంపెనీలకు, ఇతర అవసరాలకు మళ్లించారని కోర్టు తేల్చింది. సంస్థ రిజిస్ట్రేషన్ రద్దు చేసి, మిగిలిన పనిని ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. ఆ తర్వాతే వేలాది కుటుంబాల చేతికి తాళాలు అందాయి. ఒకరు వదిలేసినదాన్ని మరొకరు అందుకోవలసిన ఎర్రన పాత్ర ఈసారి ఎన్‌బీసీసీ మీద పడింది.

అంటే పని ఆగడానికి అసలు కారణం చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు. ఒకటి ముగియకముందే ఇంకోదానికి పరుగెత్తడం. ఈ ప్రాజెక్టు కోసం వసూలైన సొమ్ము మరోచోటికి పోతుంది. అక్కడి కొరత తీర్చడానికి మరో కొత్త బుకింగ్ కావాలి. చివరికి అన్నీ మొదలై ఉంటాయి, ఏదీ ముగియదు. 2016లో పార్లమెంటు చేసిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, జనం నోట రెరా, సరిగ్గా ఈ మూలాన్నే పట్టుకుంది. కొనుగోలుదారుల నుంచి వచ్చే డబ్బులో 70 శాతాన్ని విడి ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు స్థలానికి, నిర్మాణానికి మాత్రమే ఖర్చు పెట్టాలన్నది అందులోని నిబంధన. చట్టం భాషలో అది ఆర్థిక క్రమశిక్షణ. ఇంటి భాషలో చెప్పాలంటే, ఒక పొయ్యి మీది వంట దిగేదాకా దాని కట్టెలు తీసి ఇంకో పొయ్యిలో పెట్టకూడదు.

ఇదే ఊరిలో ఇందుకు పూర్తిగా ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఢిల్లీ మెట్రో నిర్మాణం 1998 అక్టోబర్‌లో మొదలైంది. 2002 డిసెంబర్ 24న షాదరా నుంచి తీస్ హజారీ దాకా తొలి మార్గాన్ని ప్రధాని వాజపేయి ప్రారంభించారు. 65 కిలోమీటర్ల తొలి దశ నిర్ణీత గడువు కన్నా ముందే సిద్ధమై, 2006లో ముగిసింది. ప్రభుత్వ పనులు సాగతీతకు మారుపేరైన దేశంలో ఇది జనం నమ్మలేని విషయం.

ఈ పని నడిపిన ఇలాట్టువలపిల్ శ్రీధరన్‌కు తెలుగు గడ్డతో అనుబంధం ఉంది. పాలక్కాడ్ జిల్లాలో పుట్టిన ఆయన సివిల్ ఇంజనీరింగ్ చదివింది కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో. 1964 డిసెంబర్ తుపానుకు రామేశ్వరం దగ్గరి పంబన్ రైలు వంతెన కొట్టుకుపోయినప్పుడు దాన్ని తిరిగి నిలబెట్టడానికి రైల్వే శాఖ ఆరు నెలలు గడువు పెట్టింది. పైఅధికారి దాన్ని మూడు నెలలకు తగ్గించారు. యువ ఇంజనీరు శ్రీధరన్ 46 రోజుల్లో పూర్తిచేశారు. ఆ తర్వాత కొంకణ్ రైల్వే, 1997 నుంచి ఢిల్లీ మెట్రో. ఆయన పని స్థలాల్లో కనిపించే ఒక బోర్డు అందరికీ పరిచయమే. పని మొదలై ఎన్ని రోజులైందో అది చెప్పదు. ముగియడానికి ఇంకా ఎన్ని రోజులుందో చెబుతుంది.

ఆయన పద్ధతిలో అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. పట్టాల మధ్య వెడల్పు ప్రపంచ మెట్రోల మాదిరిగా స్టాండర్డ్ గేజ్‌లో ఉండాలని మెట్రో సంస్థ కోరుకుంది. రైల్వే శాఖ బ్రాడ్ గేజే అని పట్టుబట్టింది. వాదనలో ఓడిపోయిన సంస్థ అలిగి కూర్చోలేదు. తొలి దశను బ్రాడ్ గేజ్‌లోనే పూర్తిచేసి, తర్వాతి దశలో స్టాండర్డ్ గేజ్ సాధించుకుంది. పని కన్నా తన మాటే గొప్పదనుకునేవాడి చేతిలో ఎన్నో పనులు మధ్యలో చచ్చిపోతాయి. 2009 జూలై 12న జమ్రుద్‌పూర్‌లో నిర్మాణంలో ఉన్న మెట్రో వంతెన కూలి ఆరుగురు చనిపోయారు. శ్రీధరన్ నైతిక బాధ్యత వహించి రాజీనామా ఇచ్చారు. ముఖ్యమంత్రి షీలా దీక్షిత్ దాన్ని అంగీకరించలేదు. ఆయన తిరిగి పనిలో దిగారు. 2010 అక్టోబర్ 3న, కామన్వెల్త్ క్రీడలు మొదలైన రోజే, ఆ మార్గంలో రైళ్లు నడిచాయి.

అయితే రైలు నడిస్తే పని పూర్తయినట్టేనా? ఇదే మెట్రోకు చెందిన విమానాశ్రయ మార్గం కాదనే చెప్పింది. గంటకు 135 కిలోమీటర్ల వేగం కోసం రూపొందించిన ఈ మార్గం 2011 ఫిబ్రవరిలో మొదలైంది. ఎత్తు వంతెన గర్డర్ల కింద ఉండే బేరింగుల్లో లోపాలు బయటపడి 2012 జూలైలో రైళ్లు ఆపేశారు. మరమ్మతుల తర్వాత 2013 జనవరిలో 50 కిలోమీటర్ల వేగంతో మళ్లీ మొదలుపెట్టారు. అంచెలంచెలుగా వేగం పెంచుకుంటూ 120కి చేరేసరికి 2023 సెప్టెంబర్ వచ్చింది. ప్రయాణికుడి కంటికి కనిపించని చిన్న భాగం ఒకటి కుదరకపోతే మొత్తం మార్గమే ఆగిపోతుంది. నోయిడాలోనూ అంతే. గోడలు లేచి రంగులు పడ్డా నీటి కనెక్షన్, లిఫ్టు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, చివరికి రిజిస్ట్రేషన్ లేకపోతే ఇల్లు కాగితం మీదే. కడదాకా చేయడమంటే రిబ్బను కత్తిరించేదాకా కాదు, అవతలివాడు నిశ్చింతగా వాడుకునేదాకా.

ఆలస్యానికి మనుషులు కట్టే మూల్యమేమిటో వజీరాబాద్‌కు బాగా తెలుసు. 1997 నవంబర్‌లో అక్కడి ఇరుకు వంతెన మీది నుంచి స్కూలు బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు చనిపోయారు. విశాలమైన కొత్త వంతెన కావాలన్న డిమాండు బలపడింది. 2010 క్రీడలలోపు తెస్తామన్న సిగ్నేచర్ బ్రిడ్జి 2018 నవంబర్‌లో గానీ తెరుచుకోలేదు. ఖర్చు 1,500 కోట్ల రూపాయలు దాటింది. ఇప్పుడు 154 మీటర్ల దాని స్తంభం దగ్గర సెల్ఫీలు దిగేవారికి ఆ ఇరవై ఒక్క ఏళ్లు గుర్తుండవు. ఆ పిల్లల తల్లిదండ్రులు మరవలేరు.

మొదలుపెట్టిందల్లా పూర్తిచేసి తీరాలా? అదీ కాదు. నోయిడాలో నిబంధనలకు విరుద్ధంగా లేచిన సూపర్‌టెక్ జంట టవర్లను కూల్చేయాలని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. దాదాపు వంద మీటర్ల ఆ టవర్లు 2022 ఆగస్టు 28న క్షణాల్లో నేలమట్టమయ్యాయి. కొన్ని పనులకు తగిన ముగింపు ఆపేయడమే.

ఓల్డ్ రాజిందర్ నగర్ ఇరుకు గదుల్లో సివిల్స్‌కు చదివే తెలుగు యువతకు ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్న. జనరల్ అభ్యర్థికి ఆరు అవకాశాలు, 32 ఏళ్ల వయోపరిమితి. ఏటా లక్షల మంది రాసే పరీక్షలో చివరికి నెగ్గేది ఓ వెయ్యి మంది. కాబట్టి ముగింపు అంటే ర్యాంకు ఒక్కటే అనుకుంటే అత్యధికుల జీవితాలు అసంపూర్ణమే అవుతాయి. ఎన్ని ప్రయత్నాలు చేయాలో ముందే నిర్ణయించుకుని, సిలబస్‌ను సగంలో వదలకుండా చదివి, పరీక్ష రాసి, కాలేదని తేలితే తలెత్తుకుని మరో దారి పట్టినవాడు పని పూర్తిచేసినట్టే. వదలనూ లేక, చదవనూ లేక ఏళ్లు వెళ్లదీసేవాడిదే అలాయ్ మినార్.

ఇంట్లోనూ ఇలాంటి మొండి కట్టడాలు ఉంటాయి. సగంలో ఆగిన డిగ్రీ, రాస్తానని రాయని వీలునామా, కడతానని మాటిచ్చి మరచిన చేబదులు. వాటికి కావలసింది గొప్ప సంకల్పం కాదు. ఈ ఒక్కటి ముగిసేదాకా ఇంకోటి మొదలుపెట్టనన్న చిన్న నియమం, చేయలేనని తేలినప్పుడు ఆ మాట అవతలివారికి నేరుగా చెప్పే నిజాయితీ.

మెహ్రౌలీలో పొద్దు వాలాక కాపలాదారులు సందర్శకులను బయటికి పంపిస్తారు. జనం చివరిసారి వెనక్కి తిరిగి చూసేది కుతుబ్ మినార్ వైపే. అలాయ్ మినార్ పైకి ఎక్కే మెట్లు గానీ, ఎక్కి చూడటానికి అంతస్తు గానీ లేవు.