గడ్డిబీళ్లను కాల్చుట: రైతులు గమనింపదగిన విషయములు

వేసవి ప్రవేశింపగానే బీళ్లయందును గట్లమీదను ఎండిన గడ్డికి నిప్పంటించుట అనేక గ్రామములలో వాడుకగా నున్నది. పాతగడ్డి కాలినచో తొలకరికి లేతగడ్డి బాగుగా మొలచుననియు, ముండ్లపొదలును పురుగులును నశించుననియు రైతులు తలంచుదురు. ఇందు కొంత నిజము లేకపోలేదు. కాని ఊరక నిప్పు పెట్టుట వేరు, నియమముతో కాల్చుట వేరు. ఈ భేదమును తెలుపుటయే ఈ కరపత్రము యొక్క యుద్దేశ్యము.

లాభనష్టములు

అనేక వత్సరములు బ్రతుకు గడ్డిదుబ్బుల జీవము మొదళ్లయందును వేళ్లయందును ఉండును. వేగముగా సాగిపోవు మంట పైయాకులను దహించును గాని, దాని వేడి భూమిలోనికి రెండుమూడంగుళములకు మించి అంతగా దిగదు. అందుచేత దుబ్బు మరల చిగిర్చును. అస్సాములోని కజిరంగాయందు అధికారులు శీతకాలమున గడ్డిమైదానములను భాగములుగా కాల్పించుట ఇట్టి జ్ఞానముతోడనే.

అయితే అచ్చట వర్షము మెండు. హైదరాబాదు ప్రాంతమున సాలుకు సుమారు 32 అంగుళములే కురియును. అందధికభాగము జూను మొదలు సెప్టెంబరు వరకే. ఫాల్గుణమున కాల్చిన బీడు వానలు వచ్చుదాక బోడిగా ఎండకు మాడును. పెద్దవాన కురిసినప్పుడు పైమన్ను కొట్టుకొనిపోవును. గడ్డిలోని నత్రజనిలో హెచ్చుభాగము పొగతో గాలిలో కలియును. పొటాషు, సున్నము మొదలగునవి మాత్రమే బూడిదలో మిగులును. ఏటేట కాల్చి, వెంటనే పశువులను తోలినచో మేలిగడ్డి క్షీణించి, మంటకు తాళు ముతకగడ్డి పెరుగును.

అటవీశాఖవారు అమ్రాబాదు పులుల అభయారణ్యమున వేసవికి ముందు బాటలవెంబడి గడ్డి తొలగించి కాల్తురు. అది అడవిని కాల్చుటకు గాదు. మంట యొక భాగమునుండి మరియొక భాగమునకు దాటకుండుటకు.

కాల్చుట తప్పనిసరియైనచో

1. తహసిల్దారుకును అగ్నిమాపక కేంద్రమునకును ముందుగా తెలుపవలయును. వారు వలదన్నచో మానవలయును.

2. బీటిని మూడు భాగములు చేసి, ఏట నొక భాగమునే కాల్చవలయును.

3. ఆ భాగముచుట్టు పది అడుగులకు తక్కువగాని వెడల్పున గడ్డి చెక్కి, మన్ను బయటపడునట్లు చేయవలయును.

4. గాలి మందముగా నున్న ఉదయమున మంట గాలికి ఎదురుగా సాగునట్లు అంటింపవలయును. గాలి పడమటినుండి వీచినచో తూర్పుటంచున మొదలుపెట్టవలయును.

5. నీళ్లతోడను పచ్చికొమ్మలతోడను మనుష్యులు చుట్టును నిలువవలయును. ఎండిన పేడకడులలోను మోళ్లలోను నిప్పు రాత్రియంతయు దాగియుండును గనుక వానిని తడిపిగాని కదలరాదు.

6. క్రొత్తగడ్డి జానెడు పెరుగువరకు పశువులను తోలరాదు.

ఉప్పలు, నాచారము ప్రాంతములకు హెచ్చరిక

పూర్వము పొలములును బీళ్లును ఉండిన మల్కాజిగిరి, ఉప్పలు, నాచారము ప్రాంతములు నేడు ఇండ్లతోడను కార్ఖానాలతోడను నిండియున్నవి. చర్లపల్లిలో చమురు, వంటగ్యాసు నిలువలు గలవు. వరంగల్లు బాటపై పొగ క్రమ్మినచో బండ్లవారికి దారి కానరాదు. ఇట్టిచోట పైనియమములన్నియు పాటించినను గడ్డి కాల్చుట తగదు. కీసర మొదలగు చోట్లనున్న రిజర్వు అడవులలో నిప్పు పెట్టుట 1967వ సంవత్సరపు అటవీచట్టముచే నేరము.

మూసీయొడ్డున ఉప్పలు, పీర్జాదిగూడ రైతులు అనేక వత్సరములు పారాగడ్డి పెంచి, పచ్చిగా కోసి, నగరములోని పాడిపశువులకై అమ్ముకొనిరి. బీటిగడ్డికిని విలువ గలదు. ఆశ్వయుజ కార్తికములలో పూతదశయందు కోసి, నీడన ఆరబెట్టి వామివేసినచో బలమైన మేత యగును. గడ్డి నిలువయున్న రైతు వేసవిలో మేతను కొననక్కరలేదు. కోసిన బీటిలో మంటకు ఆహారమును ఉండదు.

నిప్పు చేయిదాటినచో ఆలస్యము చేయక 101 సంఖ్యకు టెలిఫోను చేసి, చుట్టుపట్లవారిని హెచ్చరింపవలయును.