నీలం కోటు మీద గులాబీ గీతలు

ఏప్రిల్ 14 దగ్గరపడితే చెరుకుపల్లి, రేపల్లె, తెనాలి ఫ్లెక్సీ షాపులకు రాత్రీపగలూ పనే. 1991 ఆగస్టు 6న చుండూరులో చంపబడ్డ మనవాళ్ల స్మారక సభకూ ఫ్లెక్సీలే. అన్నిటిలోనూ ఎక్కువ పడేది నీలం. సయాన్, మెజెంటా కలిస్తే ఆ నీలం. సయాన్ నాజిల్స్ మూసుకుపోతే అంబేడ్కర్ కోటు మీద గులాబీ గీతలు పడతాయి.

సాల్వెంట్ ఇంకు త్వరగా ఆరుతుంది. కరెంటు పోయి మిషన్ ఆగిందంటే హెడ్ అడుగున గట్టిపడుతుంది. అందుకే ప్రింటుకు ముందు నాజిల్ టెస్ట్ తీయాలి. గీత తెగితే ఆ రంగును పర్జ్ చేసి, నూగు రాలని గుడ్డను క్లీనింగ్ సాల్వెంట్‌లో తడిపి మెల్లగా అద్దాలి. రుద్దితే ప్లేటు గీరుకుపోతుంది. కొత్త హెడ్ చిన్న షాపుకు మోయలేని ఖర్చు.

హెడ్‌కు ఇంత జాగ్రత్త. మరి ఆపరేటర్‌కు? ఈ ఇంకుల్లో సాధారణంగా ఉండే సైక్లోహెక్సనోన్ ఆవిరికి కళ్లు మండుతాయి, తల తిరుగుతుంది. ద్రవం చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, కార్బన్ క్యాట్రిడ్జ్ మాస్కు కావాలి. పల్చటి గ్లౌజులు చాలవు, బ్యూటైల్ రబ్బరువి వాడాలి. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పైన వెంటిలేటర్లో కాదు, మిషన్ పక్కన కిందగా ఉండాలి.

13 రాత్రి ఆర్డరిచ్చి తెల్లారేసరికి ఫ్లెక్సీ కావాలంటే, తలుపులు మూసిన ఆ గదిలో తెల్లవార్లూ ఉండేది జీతానికొచ్చిన కుర్రాడే. జయంతి కమిటీలు వారం ముందే ఆర్డరివ్వాలి. ఇచ్చేటప్పుడు ఫ్యాన్ ఎక్కడుందో కూడా చూడాలి.