ట్యాబులో పాఠం సరే, ఎక్కడానికి మెట్లేవి?

పెద్దతిప్పసముద్రం: బిడ్డల చేతిలో పలక పోయి ట్యాబు వచ్చింది. 2022 డిసెంబరులో రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. బైజూస్ సంస్థ తయారుచేసిన పాఠాలను ముందుగానే వాటిలో నింపి యిచ్చారు. మరుసటి ఏడు మరో విడత పంచారు. సంతోషమే. అయితే పాఠం చూడటం వేరు, పాఠం రావడం వేరు.

యీ తేడా ఎంతటిదో కరోనా కాలంలో తల్లిదండ్రులకు బాగా తెలిసివచ్చింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. ఫోనులోనూ వచ్చాయి. ఇంటికి ఒకటే ఫోను వున్నచోట అది తండ్రితోపాటు చేనికో మండీకో పోయేది. టీవీ పాఠం అందరికీ ఒకే వేగంతో నడుస్తుంది. భాగహారం రాని పిల్లవాడి కోసం భిన్నాల పాఠం ఆగదు. ‘మళ్ళీ చెప్పండి అయ్యవారూ’ అని అడగటానికి అక్కడ మనిషి లేడు.

యీ చిక్కుకు విరుగుడు మనకు దగ్గరలోనే వుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్లు మనమే దాన్ని పట్టించుకోలేదు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ పాఠశాల కురబలకోట మండలంలో వుంది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పేద పిల్లల కోసం నడిపిన చిన్న బడుల్లో పద్మనాభరావు, రమ దంపతులు 1980ల చివరి నుంచి ఒక కొత్త పద్ధతిని రూపొందించారు.

ఒకే అయ్యవారు, అయిదు తరగతులు. ఒకరికి చెబుతుంటే మిగిలినవారు గోల చేయక ఏం చేస్తారు? అందుకని వారు పాఠ్యాంశాన్ని వందలాది చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. గోడమీద నిచ్చెన బొమ్మ గీశారు. ఏ మెట్టుకు ఏ కార్డో బొమ్మ గుర్తు చెబుతుంది. బిడ్డ తన మెట్టు చూసుకుని, తన కార్డు తనే తీసుకుంటుంది. కొన్ని కార్డులు అయ్యవారి దగ్గర కూర్చుని చేయాలి, కొన్ని తోటి పిల్లలతో, కొన్ని ఒంటరిగా. మధ్యలో పరీక్ష కార్డు వస్తుంది. తప్పితే అదే విషయాన్ని మరో దారిలో నేర్పే కార్డు వుంటుంది, తిట్లు వుండవు. చెనిక్కాయల పనికి పోయి పది దినాలు బడికి రాని బిడ్డ, వదిలిన మెట్టు నుంచే మళ్ళీ ఎక్కవచ్చు.

అమెరికాలో స్కిన్నర్ అనే పండితుడు 1950లలోనే బోధన యంత్రం చేశాడు. పాఠాన్ని చిన్న మెట్లుగా చేయాలి, జవాబు తప్పో ఒప్పో వెంటనే చెప్పాలి అన్నది ఆయన సూత్రం. రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ చెప్పింది వేరు. బిడ్డ నేడు ఒకరి సాయంతో చేయగలిగింది రేపు తనంతట చేస్తుందని, కనుక పక్కన తెలిసినవారు వుండాలని ఆయన మాట. రిషివ్యాలీ కార్డులో యీ రెండూ వున్నాయి. కరెంటు అక్కరలేదు.

ట్యాబు పాఠం తయారుచేసేవారు పట్టుకోవలసింది దీన్నే. అరగంట ఏకధాటిగా వినిపించే బదులు అయిదు నిమిషాలకొక ప్రశ్న పెట్టాలి. తప్పిన బిడ్డను వెనక మెట్టుకు పంపాలి. ఎవరు ఎక్కడ ఆగిపోయారో అయ్యవారికి తెలియాలి. కొంత యంత్రం, కొంత అయ్యవారు కలిసి నడిపే యీ తీరుకు మిశ్రమ బోధన అని పేరు పెట్టారు. పేరు గొప్పదే. అయ్యవారిని పక్కకు తప్పిస్తే మాత్రం మిగిలేది సినిమాయే.

మన పొరుగునే వున్న కర్ణాటకలో మైసూరు జిల్లా ఉపాధ్యాయులు రిషివ్యాలీకి వచ్చి చూసిపోయారు. 1995లో హెగ్గడదేవనకోటెలో ‘నలికలి’ పేరుతో ప్రారంభించారు. అది ఆ రాష్ట్రమంతటా పాకింది. మద్రాసు కార్పొరేషన్ బడుల్లో 2003లో మొదలైన పద్ధతికీ మూలం యిదే. అంత దూరం నుంచి వారు వచ్చారు. మన మండలం అయ్యవార్లు బి.కొత్తకోట మీదుగా బయలుదేరితే పొద్దున పోయి పొద్దు గుంకేలోగా చూసి రావచ్చు. ఆ ఒక్క దినం సెలవు, బస్సు ఛార్జీ యిప్పించే పని విద్యాశాఖ అధికారులది.