గుంటూరులో చదివిన డాక్టరు - పల్లె గడపకు వచ్చిన కంటివైద్యం

ప్రత్తిపాడు (మా విలేఖరి): పత్తితీతల కాలంలో ఎండిన కాయ మొన కంట్లో గుచ్చుకోవడం, మిరపతోటలో కొమ్మ చివర తగలడం, మినుము నూర్పిళ్లలో పొట్టు పడడం ఈ ప్రాంతం కూలీలకు కొత్త సంగతులేమీ కావు. దెబ్బ తగిలిన ఆడమనిషి కొంగు ఉండచుట్టి, నోటితో ఊది, ఆ వెచ్చదనం కంటికి అద్దుకుని మళ్లీ సాలులో పడుతుంది. మధ్యలో పని మానితే ఆ పూట కూలి పోతుందని భయం. సాయంత్రం ఇంటికి చేరాక చనుబాలో, ఆముదమో, నందివర్ధనం పూల రసమో పోస్తారు. మూడోనాటికి కన్ను ఎర్రబడితే మందులషాపులో ఏవో చుక్కలు కొంటారు. వారం గడిచాక గుంటూరు బస్సెక్కుతారు. అప్పటికే నల్లగుడ్డు మీద తెల్లపువ్వు వేసి ఉంటుంది.

ప్రత్తిపాడు నుంచి గుంటూరు ఎంతో దూరం లేదు, సుమారు ఇరవై కిలోమీటర్లు. అయినా కూలిమనిషికి అది చాలా దూరమే. బస్సు ఛార్జీ, తోడు వచ్చే మనిషి, ఇద్దరికీ పోయిన కూలి కలిపి లెక్క వేసుకుంటే కన్ను వెనక్కి పోతుంది. ఈ దూరాన్ని తగ్గించడం ఎలాగన్నదే తన జీవితపు పనిగా పెట్టుకున్న కంటి డాక్టరు ఒకరు మన గుంటూరు వైద్య కళాశాలలోనే చదువుకున్నారు. ఆయనే డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు.

కృష్ణాజిల్లా చోడవరంలో 1945లో పుట్టిన ఆయన గుంటూరులో డాక్టరీ ముగించి, ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో కంటివైద్యం చదివారు. 1974లో అమెరికా వెళ్లి బోస్టన్‌లోనూ, రోచెస్టర్‌లోనూ కార్నియా వైద్యంలో నిపుణుడయ్యారు. కార్నియా అంటే నల్లగుడ్డును కప్పి ఉండే అద్దం వంటి పొర. మన పొలాల్లో దెబ్బతినేది ఆ పొరే. అక్కడ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం, పేరు, డబ్బు అన్నీ ఉండగా 1986లో కుటుంబంతో సహా హైదరాబాదు తిరిగివచ్చారు.

ప్రసాద్‌గారి కోటి

తిరిగివచ్చే ముందే అమెరికాలో ఉన్న భారతీయ డాక్టర్లను కలుపుకుని కంటివైద్యం కోసం ఒక సంఘం ఏర్పాటు చేసుకున్నారు. ఆ సమయంలో ఆయనకు కొండంత అండ సినిమా రంగం నుంచి దొరికింది. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి, బొంబాయిలో మూకీ సినిమాల్లో చిన్న వేషాలతో మొదలుపెట్టి, నిర్మాతగా ఎదిగిన అక్కినేని లక్ష్మీవరప్రసాద్ కోటి రూపాయలు, బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం ఇచ్చారు. 1987లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలయింది.

నాగేశ్వరరావుగారి పరిచయాలు అంతటితో ఆగలేదు. ఆస్ట్రేలియా దృష్టి నిపుణుడు బ్రయన్ హోల్డెన్ (2015లో మరణించారు) కళ్లద్దాల విద్య నేర్పడంలో తోడయ్యారు. ఇంగ్లండు, జర్మనీల అంధత్వ నివారణ సంస్థలు పల్లె పనికి సాయం చేశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి 1999లో 'విజన్ 2020' ఉద్యమం ప్రారంభించిన అంతర్జాతీయ అంధత్వ నివారణ సంస్థకు ఆయన ముందు ప్రధాన కార్యదర్శిగా, 2004 నుంచి 2008 వరకు అధ్యక్షుడిగా పనిచేశారు. 2002లో పద్మశ్రీ వచ్చింది.

పెద్ద డాక్టర్లకు పెద్ద పరిచయాలుండడంలో వింత లేదు. సభలు, శాలువాలు, ఫోటోలతో ముగిసే పరిచయాలు మన జిల్లాలోనూ కావలసినన్ని చూశాం. ఈయన పరిచయాలు ఎక్కడిదాకా దిగివచ్చాయన్నదే చూడవలసిన విషయం.

ఐదు మెట్లు

1996 నుంచి 2000 వరకు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఈ సంస్థవారు 10,293 మంది కళ్లు పరీక్షించారు. నూటికి దాదాపు ఇద్దరు చూపు లేనివారు. వారిలో 44 శాతం మందికి కారణం శుక్లం, 16 శాతం మందికి కేవలం సరైన కళ్లద్దాలు లేకపోవడం. రెండూ మందూ మార్గమూ ఉన్నవే. అయినా అంతమంది చీకట్లో ఉన్నారంటే వైద్యం లేక కాదు, అది వాళ్లకు అందక.

అప్పటికే, 1996లో ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లో ఒక పల్లె ఆసుపత్రి తెరిచారు. దాని అనుభవంతో ఐదు మెట్ల పద్ధతి రూపుకట్టింది. ఐదువేల జనాభాకు ఒక దృష్టి కార్యకర్త. యాభైవేలకు ఒక దృష్టి కేంద్రం. ఐదు లక్షలకు శుక్లం ఆపరేషన్లు చేసే ఆసుపత్రి. యాభై లక్షలకు ఇంకా పెద్ద ఆసుపత్రి. అన్నిటికీ పైన, ఐదు కోట్ల మందికి, హైదరాబాదు ఆసుపత్రి. విజయవాడ పక్క తాడిగడపలో 2011లో తెరిచినది ఇందులో నాలుగో మెట్టు. ఖర్చు పెట్టుకోలేని వారికి వైద్యం ఉచితం. వచ్చే రోగులలో దాదాపు సగం మంది అలాంటివారే.

ఈ ఐదింటిలో అసలు గొప్పది రెండో మెట్టు. దృష్టి కేంద్రంలో డాక్టరు ఉండరు. ఇంటరు చదివిన ఆ చుట్టుపక్కల కుర్రవాడో, ఆడపిల్లో ఒక సంవత్సరం శిక్షణ పొంది అక్కడ కూర్చుంటారు. చూపు పరీక్షిస్తారు, స్లిట్ ల్యాంపుతో కన్ను లోపల చూస్తారు, అద్దాలు ఇస్తారు, తమవల్ల కానిది పై ఆసుపత్రికి పంపుతారు. ఊరి మనిషి కనుక ముసలమ్మ కూడా జంకు లేకుండా పోతుంది. ఇలాంటి కేంద్రాలు రెండు వందలు దాటాయి.

చత్వారం సంగతే చూడండి. నలభై దాటాక దగ్గరి చూపు మందగిస్తుంది. కల్లంలో కూర్చుని మిరపకాయల్లో తాలు ఏరే ఆడవాళ్లకు అది నేరుగా కూలి మీద దెబ్బ. తాలుకాయ కలిసిందని మాట పడేది వాళ్లే, మరుసటి రోజు పనికి పిలవనిదీ వాళ్లనే. ఒక్క జత దగ్గరి చూపు అద్దాలతో తీరే కష్టం ఇది. దీనికోసం పట్నం పోవాలంటే ఎవరు పోతారు?

పద్ధెనిమిది గంటలు

పొలంలో కంటి దెబ్బకు కాలమే ప్రాణం. నేపాల్‌లోని భక్తపూర్ ప్రాంతంలో ఊరి కార్యకర్తలకు కంటి దెబ్బలు గుర్తించడం నేర్పి, కార్నియా గీసుకున్న 442 మందికి మూడు రోజులు యాంటీబయాటిక్ లేపనం పెట్టించారు. 96 శాతం మందికి ఏ పుండూ లేకుండా మానింది. దెబ్బ తగిలిన పద్ధెనిమిది గంటలలోపు వచ్చినవారిలో ఒక్కరికీ పుండు పడలేదు. ఈ ఫలితాలు 2001లో వెలువడ్డాయి. అయితే ఆ దేశంలోనే తరవాత ఇంకా పెద్ద ఎత్తున చేసి 2022లో ప్రకటించిన పరీక్షలో, కార్యకర్తలున్న ఊళ్లకూ లేని ఊళ్లకూ మధ్య పుండ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కార్యకర్తను పెట్టినంతనే పని జరగదని దీన్నిబట్టి అనుకోవలసివస్తుంది. దెబ్బ తగిలిన మనిషి ఆ పూటే పని వదిలి రావాలి. మేస్త్రీ, రైతు రానివ్వాలి.

మన వాతావరణంలో ఇంకో చిక్కు ఉంది. ఆకు, కొమ్మ, పొట్టు తగిలిన కంటిలో బూజు జాతి క్రిములు చేరి పుండు చేస్తాయి. దానికి వేరే మందు వాడాలి, అదీ వారాల తరబడి. ఎరుపు తగ్గడానికి స్టిరాయిడ్ కలిసిన చుక్కలు వేస్తే ఒకటి రెండు రోజులు హాయిగానే ఉంటుంది, లోపల మాత్రం బూజు విజృంభిస్తుంది. చీటీ లేకుండా కంటి చుక్కలు అడగడం మన ఊళ్లలో మామూలు. అడిగినవారికి ఇవ్వడమూ మామూలే. ఆకు పసరు, చనుబాలు పోయడం, నాలుకతో నలుసు తీయడం కొత్త క్రిములను లోపలికి పంపడమే. కన్ను నలపకుండా శుభ్రమైన నీళ్లతో కడిగి, ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. గుచ్చుకున్నది కనపడుతున్నా లాగరాదు. మిరప ఘాటు తగిలినా నీళ్లే ధారాళంగా పోయాలి. గుంటూరు పెద్దాసుపత్రిలో కంటి విభాగం ఉంది. పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది.

మరణించాక ఆరు గంటలు

పువ్వు వేసిన కంటికి చాలావరకు మిగిలే దారి కార్నియా మార్పిడి. నాగేశ్వరరావుగారి సంస్థ 1989లో నేత్రనిధి ప్రారంభించింది. అక్కడ జరిగిన మార్పిడులు యాభై వేలు దాటాయి. అమెరికాలో నేర్చిన చేతిపని ఒకవైపు ఉన్నా, చనిపోయినవారి కుటుంబం ఒప్పుకుంటేనే అది సాగుతుంది. మరణించిన ఆరు గంటలలోపు కన్ను తీయాలి. ముందుగా కాగితం రాసి ఉండకపోయినా ఇంటివారి అంగీకారం చాలు. డాక్టర్లు వచ్చేలోపు ఫాను ఆపి, రెప్పలు మూసి వాటిపై తడి దూది వేసి, తల కింద దిండు పెట్టి ఉంచాలి. ముఖం వికారమవుతుందన్న భయం అక్కరలేదు. కళ్లద్దాలు వాడినవారూ, శుక్లం ఆపరేషను చేయించుకున్నవారూ కూడా ఇవ్వవచ్చు.