అండమాన్ యాత్రకు మే ఆఖరు అనుకూలం కాదు
కరీంనగర్: నైరుతి రుతుపవనాలు అండమాన్‌ను తాకాయన్న వార్త ఏటా మే మూడో వారానికి అటూఇటుగా వెలువడుతుంది. పత్తి విత్తనాలు సిద్ధం చేసుకునే కరీంనగర్, ఆదిలాబాద్ రైతులకు అది చల్లని కబురు. వేసవి సెలవుల్లో ఆ దీవులకు బయలుదేరే కుటుంబాలకు మాత్రం కాదు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. సెలవులు మొదలైన తొలి రోజుల్లోనే వెళ్లి రావడం ఉత్తమం.

శంషాబాద్ నుంచి శ్రీ విజయపురానికి విమానంలో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. 2024 సెప్టెంబరు వరకు దాని పేరు పోర్ట్‌బ్లెయిర్. విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి నౌకలున్నా రెండు మూడు రోజులు పడుతుంది. పరిమిత సెలవులున్న వారికి అది కుదరని పని.

అసలు చిక్కు తిరుగు ప్రయాణంలోనే ఎదురవుతుంది. హేవ్‌లాక్‌గా పేరొందిన స్వరాజ్ ద్వీప్‌కు రాకపోకలు ఎక్కువగా నౌకల్లోనే సాగుతాయి. అలలు పెరిగితే వాటిని నిలిపివేస్తారు. ఉదయం అక్కడ బయలుదేరి అదే రోజు విమానం అందుకోవాలనుకుంటే టిక్కెట్ డబ్బులు నీళ్లపాలు కావచ్చు. అందువల్ల చివరి రాత్రి బసను శ్రీ విజయపురంలోనే ఏర్పాటు చేసుకోవాలి. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు సందర్శనను ఆ రోజుకు ఉంచుకోవచ్చు.

భారతీయులకు పాస్‌పోర్టు అవసరం లేదు. అయితే జరావా గిరిజనుల రక్షిత ప్రాంతం మీదుగా వెళ్లే రోడ్డుపై వాహనం ఆపడం, ఫొటోలు తీయడం నిషిద్ధం. అక్కడ శీతాకాలంలో సాయంత్రం 5 గంటలకే సూర్యాస్తమయం అవుతుంది కనుక తెల్లవారుజామునే బయలుదేరాల్సి ఉంటుంది.